జాబితాలో పేరు: జగ్జీవన్ రామ్, ఈఎస్‌ఐ చట్టం

నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాలంటే ముందు ఐపీ నంబరు చెప్పాలి. పది అంకెల ఆ నంబరు ఉంటే మందులు, పరీక్షలు, ఆపరేషన్, మంచం పట్టిన రోజులకు జీతంలో కొంత భాగం వస్తాయి. లేకపోతే గాంధీకో ఉస్మానియాకో వెళ్లాలి, లేదంటే అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రి మెట్లెక్కాలి. ఆ నంబరును కార్మికుడు తనంతట తాను తెచ్చుకోలేడు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి షెడ్లలో కొత్తగా పనికి చేరిన మనిషి పేరును యజమాని పది రోజుల్లో ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కు తెలియజేస్తేనే అది పుడుతుంది. ఆ మనిషి నెలలో ఎన్ని రోజులు పనిచేశాడో, ఎంత జీతం తీసుకున్నాడో చూపించి చందా కడుతూ ఉంటేనే అది పనికొస్తుంది. అంటే రోగం కార్మికుడిది, శరీరం కార్మికుడిది, కాగితం మాత్రం యజమాని చేతిలో ఉంది.

ఈ కాగితం గురించిన చట్టానికి 1948లో పార్లమెంటరీ బాధ్యత మోసినవాడు ఒక దళిత మంత్రి. పద్దెనిమిదేళ్ల తర్వాత, యజమాని కాగితం ఇవ్వకపోతే ఏం చేయాలో చట్టంలో చేర్చినప్పుడూ కార్మిక శాఖ ఆయన చేతిలోనే ఉంది. ఆయన జగ్జీవన్ రామ్. ఏటా ఏప్రిల్ 5న బషీర్‌బాగ్‌లో ఆయన విగ్రహానికి పూలదండలు పడతాయి. ఉపన్యాసాల్లో ఉప ప్రధాని పదవి, బంగ్లాదేశ్ యుద్ధం, ప్రధాని కాలేకపోయిన సంగతి తప్పకుండా వస్తాయి. ఈఎస్‌ఐ మాట చాలా అరుదుగా వినిపిస్తుంది.

ఆయన 1908 ఏప్రిల్ 5న బీహార్‌లోని ఆరా పట్టణం దగ్గర చంద్వా గ్రామంలో చమార్ కుటుంబంలో పుట్టారు. తండ్రి శోభీరామ్ బ్రిటిష్ సైన్యంలో పనిచేసి, దాన్ని వదిలేసి ఊరికి వచ్చి, శివనారాయణీ సంప్రదాయంలో మహంతు అయ్యారు. కొడుకు చిన్నప్పుడే చనిపోయారు. తల్లి వాసంతీదేవి కష్టపడి చదివించారు.

ఆరా టౌన్ స్కూల్లో తాగునీళ్లకు రెండు కుండలు ఉండేవి. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు. ఈ పిల్లవాడు హిందువుల కుండలో నీళ్లు తాగడంతో మిగతావాళ్లు ఆ కుండ ముట్టమన్నారు. హెడ్మాస్టర్ మూడో కుండ పెట్టించాడు, అంటరానివాళ్ల కోసమని. జగ్జీవన్ దాన్ని పగలగొట్టాడు. ఇంకొకటి పెడితే దాన్నీ పగలగొట్టాడు. చివరికి మూడో కుండ పెట్టడం మానుకున్నారు. ఈ కథ ఆయన జీవితచరిత్రలన్నింటిలో ఉంటుంది, సాధారణంగా ధైర్యానికి ఉదాహరణగా. నాకు అందులో ఇంకో విషయం కనిపిస్తుంది. ఆ బడి రిజిస్టర్‌లో ఆయన పేరు ఉంది కానీ ఆ బడి నీళ్లలో ఆయనకు వాటా లేదు. రాతలో ఉండటం వేరు, ఆ రాతకు దక్కాల్సింది దక్కడం వేరు అన్న సంగతి ఆయనకు పదిహేనేళ్లకే తెలిసింది.

1925లో ఆరాకు వచ్చిన మదన్ మోహన్ మాలవీయ ఈ కుర్రవాడి స్వాగత ప్రసంగం విని బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి రమ్మన్నారు. అక్కడ స్కాలర్‌షిప్ దొరికింది కానీ మెస్‌లో వడ్డించేవాళ్లు లేరు, జుట్టు కత్తిరించే మంగలి లేడు. అక్కడి నుంచి కలకత్తా వెళ్లి 1931లో బీఎస్సీ పూర్తి చేశారు. కలకత్తాలో ఆయనకు కార్మికులు పరిచయమయ్యారు. బీహార్ నుంచి వలస వచ్చి జనపనార మిల్లుల్లో, తోలు పనుల్లో బతుకుతున్న తన కులం వాళ్లను రవిదాస్ సభల పేరుతో కూడగట్టారు. 1928లో వెల్లింగ్టన్ స్క్వేర్‌లో ఆయన ఏర్పాటు చేసిన కార్మిక సభకు సుమారు 50,000 మంది వచ్చారని చెబుతారు. సుభాష్ చంద్ర బోస్ దృష్టిలో పడింది అప్పుడే.

తర్వాతి పదేళ్లు త్వరత్వరగా చెప్పుకోవచ్చు. 1934 బీహార్ భూకంపంలో సహాయ పనులు. 1935లో అఖిల భారత అణగారిన వర్గాల లీగ్ స్థాపనలో పాత్ర. అదే ఏడు రాంచీలో హేమండ్ కమిటీ ముందు అంటరానివాళ్లకు ఓటు హక్కు కావాలని వాంగ్మూలం. 1937లో బీహార్ శాసనసభకు ఎన్నిక, వ్యవసాయ కూలీల కోసం ఖేతిహర్ మజ్దూర్ సభ. 1940లో ఒకసారి, క్విట్ ఇండియా కాలంలో ఇంకోసారి జైలు.

అదే సమయంలో ఢిల్లీలో మరో దళిత నాయకుడు కార్మిక శాఖ చూస్తున్నారు. 1942 జులై నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు డాక్టర్ అంబేడ్కర్. ఆయన హయాంలోనే 1943 మార్చిలో బి.పి. అదార్కర్‌ను ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారు చేయమని నియమించారు. 1944 ఆగస్టులో అదార్కర్ నివేదిక వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ నుంచి స్టాక్, రఘునాథరావు అనే ఇద్దరు నిపుణులు దాన్ని పరిశీలించి మార్పులు చెప్పారు. అంబేడ్కర్ కుర్చీ దిగేనాటికి పథకం రూపం సిద్ధంగా ఉంది. 1946 సెప్టెంబరు 2న ఏర్పడిన మధ్యంతర ప్రభుత్వంలో కార్మిక శాఖ జగ్జీవన్ రామ్‌కు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 38, మంత్రుల్లో అందరికన్నా చిన్నవాడు. రెండు నెలలకే, నవంబరులో, కార్మికుల రాజ్య బీమా బిల్లును కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టారు.

మన సంఘాల్లో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం అలవాటు. రాజకీయంగా ఎదురెదురుగా ఉన్న మాట నిజమే. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు ప్రత్యామ్నాయంగా కాంగ్రెస్ ముందుకు తెచ్చిన మనిషి జగ్జీవన్ రామ్, ఆ పాత్ర ఆయన ఒప్పుకునే పోషించారు. తెలుగు నేల మీద ఈ విభజనకు ఉపకులాల రంగు కూడా పట్టింది. తోలు పనివాళ్ల కులంలో పుట్టినవాడని మాదిగ సంఘాలు జగ్జీవన్ రామ్‌ను తమవాడు అనుకున్నాయి. ఆ దగ్గరితనంలో తప్పేమీ లేదు. కానీ ఒకరి విగ్రహం పక్కన ఇంకొకరి విగ్రహం పెట్టడానికి జరిగే తగువుల్లో, ఒకరు మొదలుపెట్టిన పనిని ఇంకొకరు చట్టంగా మార్చారన్న సంగతి మరుగున పడింది. బిల్లు చట్టమైన 1948 ఏప్రిల్ నాటికి ఒకే మంత్రివర్గంలో అంబేడ్కర్ న్యాయ శాఖ మంత్రి, జగ్జీవన్ రామ్ కార్మిక శాఖ మంత్రి.

మధ్యలో ఆయన ప్రాణం పోవలసిన సందర్భం కూడా ఉంది. 1947 జులైలో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సదస్సు ముగించుకుని తిరిగొస్తుంటే ఇరాక్‌లో బస్రా దగ్గర విమానం కూలింది. అందులో మనుషులు చనిపోయారు, ఆయన గాయాలతో బయటపడ్డారు. మూడేళ్ల తర్వాత, 1950లో, అదే సదస్సుకు అధ్యక్షత వహించారు.

సెలెక్ట్ కమిటీకి వెళ్లివచ్చేసరికి బిల్లు పేరు ఉద్యోగుల రాజ్య బీమాగా మారింది. 1948 ఏప్రిల్ 19న గవర్నర్ జనరల్ ఆమోదం పొందింది. అది ఎవరికి వర్తించిందో చూస్తే దాని హద్దులు తెలుస్తాయి. విద్యుత్తుతోనో ఇతర యంత్రశక్తితోనో నడుస్తూ 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీలు, నెలకు 400 రూపాయలు దాటని జీతం. పొలం కూలీకి చోటు లేదు. పదకొండేళ్ల ముందు ఖేతిహర్ మజ్దూర్ సభ పెట్టిన మనిషి తెచ్చిన బీమాలో ఖేతిహర్ మజ్దూర్ లేడు. అదే ఏడాది వచ్చిన కనీస వేతనాల చట్టంలో మాత్రం వ్యవసాయ కూలీని చేర్చారు. బీమా నడవాలంటే జీతం లెక్క రాసే యజమాని ఉండాలి, పొలంలో అలాంటి లెక్క ఎవరు రాస్తారన్నది అప్పటి వాదన. ఆ వాదనలో పాలనాపరమైన నిజం కొంత ఉంది. అయితే దేశంలో దళితుల్లో అత్యధికులు అప్పుడు పొలాల్లోనే ఉన్నారు.

చట్టంలోని 44వ సెక్షన్ యజమాని రిటర్నులు పంపాలని, రిజిస్టర్లు రాయాలని చెప్పింది. 40వ సెక్షన్ ప్రకారం తన వాటానూ కార్మికుడి వాటానూ కట్టాల్సిన బాధ్యత మొదట ప్రధాన యజమానిదే, మనిషిని మధ్యలో కాంట్రాక్టర్ తెచ్చినా సరే. యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదు. కార్మికుడి దగ్గర కోసిన డబ్బు యజమాని దగ్గర అమానతు కింద లెక్క. అన్నింటికన్నా మన కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సింది 68వ సెక్షన్. యజమాని చందా కట్టని కారణంగా కార్మికుడికి రావలసిన ప్రయోజనం పోతే, కార్పొరేషన్ ఆ ప్రయోజనాన్ని కార్మికుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. పేరు రాయకపోవడం యజమాని తప్పు, శిక్ష కార్మికుడికి పడకూడదు అన్న ఆలోచన 1948 నాటికే చట్టంలో ఉందన్నమాట.

అమలు మాత్రం నాలుగేళ్లు ఆగింది. కొన్ని పట్టణాల్లోనే మొదలుపెడితే అక్కడి యజమానులకే ఖర్చు పెరుగుతుంది, పోటీలో నష్టపోతామని వాళ్లు అడ్డం తిరిగారు. 1951 సవరణతో దీనికి దారి దొరికింది. పథకం ఇంకా రాని ప్రాంతాల యజమానులు కూడా ప్రత్యేక చందా కట్టాలి, వచ్చిన చోట కొంచెం ఎక్కువ, రాని చోట కొంచెం తక్కువ. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో, ఢిల్లీలో పథకం ప్రారంభమైంది. కాన్పూర్ సభకు నెహ్రూ వచ్చారు. మొదట్లో చందా కట్టడమంటే స్టాంపులు అతికించడమే. యజమాని స్టాంపులు కొని ప్రతి కార్మికుడి కార్డు మీద వారం వారం అంటించి, గడువు ముగిశాక కార్డులు ఆఫీసుకు పంపాలి. స్టాంపు లేని గడి కనిపిస్తే కార్మికుడికి తన హక్కు ఎక్కడ తెగిందో కంటికి తెలిసేది. ఇప్పుడు అంతా ఆన్‌లైన్. ఫోనులో ఐపీ నంబరు కొట్టి చూసుకోవచ్చు, అలా చూసుకోవచ్చని తెలిస్తే.

1952 తర్వాత జగ్జీవన్ రామ్ తంతి తపాలా, రైల్వే శాఖలు చూశారు. 1963లో కామరాజ్ పథకం కింద పదవి వదులుకున్నారు. 1966 జనవరిలో మళ్లీ కార్మిక శాఖకు వచ్చారు. ఆయన కంటే ముందు 1964 నుంచి ఆ కుర్చీలో ఉన్నది మన కర్నూలు జిల్లా పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య. అంబేడ్కర్, జగ్జీవన్ రామ్, సంజీవయ్య, మళ్లీ జగ్జీవన్ రామ్. దళితులకు కార్మిక శాఖ ఇవ్వడం కాంగ్రెస్‌కు ఒక సౌకర్యం అని విమర్శించవచ్చు, ఆర్థిక శాఖో హోం శాఖో ఎందుకు ఇవ్వలేదని అడగవచ్చు. అడగాలి కూడా. ఆ ఇచ్చిన శాఖలో వీళ్లేం చేశారో చదవడం అంతకంటే ఎక్కువ అవసరం.

1966 చివర్లో ఈఎస్‌ఐ చట్టానికి పెద్ద సవరణ జరిగింది. జీతం పరిమితి 400 నుంచి 500 రూపాయలకు పెరగడం అందరికీ కనిపించిన భాగం. అంతకంటే లోతైనది కొత్తగా చేరిన 45ఏ సెక్షన్. అప్పటిదాకా యజమాని రిటర్నులు పంపకపోతే కార్పొరేషన్ బీమా కోర్టుకు వెళ్లి, అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారో, ఎంత జీతమో రుజువు చేయాల్సి వచ్చేది. ఆ లెక్కలున్న పుస్తకాలు యజమాని బీరువాలో ఉండేవి. బీరువా తెరవనివాడికే లాభం. 45ఏ వచ్చాక లెక్క తిరగబడింది. రిటర్నులు ఇవ్వకపోయినా, రిజిస్టర్లు చూపించకపోయినా, తనిఖీకి వచ్చిన అధికారిని అడ్డుకున్నా, కార్పొరేషన్ తనకు దొరికిన సమాచారం ఆధారంగా ఎంత కట్టాలో తానే ఉత్తర్వు ఇవ్వవచ్చు. కాదనదలచుకుంటే యజమానే పుస్తకాలు పట్టుకుని రావాలి. పక్కనే 45బి చేరింది, బాకీని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయడానికి. సవరణ కొన్నేళ్లుగా నలుగుతున్న సమస్యలకు జవాబు, ఒక్క మంత్రి బుర్రలో పుట్టింది కాదు. కానీ ఆ శాఖ ఆయనదే, ఆ నిర్ణయం ఆయన కాలంలోనిదే.

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన సంగతి. రిటర్ను ఇవ్వని యజమాని మౌనాన్ని ఒప్పుకోని చట్టం వచ్చిన కొద్దికాలానికే, జగ్జీవన్ రామ్ తన సొంత ఆదాయపు పన్ను రిటర్నులు దాదాపు పదేళ్లుగా దాఖలు చేయలేదని బయటపడింది. మరిచిపోయానన్నది ఆయన సమాధానం. పనుల ఒత్తిడి అని ఇందిరాగాంధీ ఆయన పక్షాన నిలిచారు. పత్రికలు ఏళ్ల తరబడి ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళిలో కులం పాలు ఉందని నేను అనుకుంటాను, అదే తప్పు చేసిన అగ్రకుల మంత్రికి అంత పేరు వచ్చేది కాదు. అయినా తప్పు తప్పే. జయంతి వ్యాసాల్లో దీన్ని దాటేయడం ఆయనకు మర్యాద చేయడం కాదు. మరిచిపోయాను అనే జవాబు ఉప్పల్‌లో లేబర్ కాంట్రాక్టర్ చెప్పినా మనం ఒప్పుకోకూడదు కాబట్టి.

ఆ మరిచిపోవడం వల్ల ఎవరికి ఎంత మిగులుతుందో లెక్క వేయడం కష్టం కాదు. ఇప్పటి రేట్లు 2019 జులై నుంచి ఉన్నవి: కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, జీతం పరిమితి 21,000 రూపాయలు. ఉదాహరణకు నెలకు 14,000 జీతం ఉన్న హౌస్‌కీపింగ్ కార్మికురాలిని తీసుకుందాం. ఆమె నుంచి 105 రూపాయలు, యజమాని నుంచి 455 రూపాయలు వెళ్లాలి. 40 మందిలో 25 మంది పేర్లే చూపిస్తే మిగతా 15 మందికి యజమాని వాటా నెలకు 6,825 రూపాయలు మిగులుతుంది. ఆ 15 మంది దగ్గర 105 చొప్పున కోసి జేబులో వేసుకుంటే ఇంకో 1,575. ఆ రెండోది చందా ఎగవేత మాత్రమే కాదు, నమ్మకద్రోహం నేరం. 1975లో శిక్షాస్మృతికి చేర్చిన వివరణ ఆ మాట స్పష్టంగా చెప్పింది.

పేరు పూర్తిగా దాచేయడం మొరటు పద్ధతి. దానికంటే తెలివైనది రోజులు తగ్గించడం. జబ్బు సెలవు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా ఉండాలి. నెలకు 26 రోజులు పనిచేసిన మనిషికి 12 రోజులే చూపిస్తే ఆరు నెలలకు 72 అవుతుంది. కార్డు ఉంది, నంబరు ఉంది, ఆన్‌లైన్‌లో పేరు కనిపిస్తుంది, మంచాన పడితే మాత్రం 70 శాతం జీతం రాదు. పది మంది ఉన్న షెడ్డులో తొమ్మిది మందినే చూపిస్తే అసలు చట్టమే వర్తించదని వాదించవచ్చు. ప్రమాదం జరిగాక ఆ మర్నాడు హడావుడిగా పేరు ఎక్కించడం ఇంకో పద్ధతి. ఊడ్చే పని, మురికి పని, బరువులు మోసే పని, రసాయనాల దగ్గర నిలబడే పని కాంట్రాక్టు కింద ఎక్కువగా మనవాళ్ల చేతికే వస్తుంది కాబట్టి ఈ లెక్కలు మన లెక్కలు. ప్రధాన యజమాని కాంట్రాక్టర్‌ను చూపిస్తాడు, కాంట్రాక్టర్ మేస్త్రీని చూపిస్తాడు. 40వ సెక్షన్ చూపించేది ప్రధాన యజమానినే.

జగ్జీవన్ రామ్ మిగతా జీవితం అందరికీ తెలిసిందే. హరిత విప్లవ కాలంలో వ్యవసాయ శాఖ, 1971 యుద్ధంలో రక్షణ శాఖ. 1975లో ఎమర్జెన్సీ తీర్మానాన్ని లోక్‌సభలో ప్రవేశపెట్టింది ఆయనే. ఆ మచ్చ 1977 ఫిబ్రవరి 2న కాంగ్రెస్‌ను వదిలి బయటికి రావడంతో సగమే పోయింది. 1978 జనవరిలో, దేశ రక్షణ మంత్రిగా ఉండగా, వారణాసిలో సంపూర్ణానంద్ విగ్రహాన్ని ఆవిష్కరించి వెళ్లాక ఆ విగ్రహాన్ని గంగాజలంతో కడిగి శుద్ధి చేశారు. ఆరాలో మూడో కుండ పెట్టి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. 1979లో ఉప ప్రధాని అయ్యారు. 1952 నుంచి చివరిదాకా ససారాం ఓటర్లు ఆయన్ను లోక్‌సభకు పంపుతూనే ఉన్నారు. 1986 జులై 6న చనిపోయారు.

ఆయన పోయాక చట్టం మారుతూ వచ్చింది. 1989లో యంత్రశక్తి వాడే ఫ్యాక్టరీలకు 20 మంది హద్దు పదికి తగ్గింది, నాచారం లాంటి చోట్ల చిన్న షెడ్లు చాలావరకు లోపలికి వచ్చింది అప్పుడే. 2010లో యంత్రశక్తి లేని ఫ్యాక్టరీలకూ పదే హద్దు అయింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1948 చట్టం స్థానాన్ని తీసుకుంది. తనిఖీ అధికారి పేరులో ఇప్పుడు సహాయకుడు అన్న అర్థమిచ్చే మాట కూడా చేరింది. అంతకు కొద్ది నెలల ముందు, 2025 జులై 1న, కార్పొరేషన్ స్ప్రీ అనే పథకం మొదలుపెట్టింది. అంతకాలం నమోదు కాని యజమానులు స్వచ్ఛందంగా వచ్చి పేర్లు ఎక్కించుకుంటే, నమోదైన రోజు నుంచో వాళ్లు ప్రకటించిన తేదీ నుంచో వర్తించేది. అంతకుముందు కాలానికి చందా అడిగేవారు కాదు, పాత రికార్డులు తనిఖీ చేసేవారు కాదు. ఆ పాత కాలంలో జబ్బు పడ్డ కార్మికుడికి దాని కింద ఏ ప్రయోజనమూ రాదు.